నొసటి ముడతలకు బొటాక్స్: పోయే ముంగట, సూది నాడు, ఆ తర్వాత

పెండ్లిళ్ల సీజన్ దగ్గర పడ్డదంటే హన్మకొండల స్కిన్ క్లినిక్‌ల ముంగట రష్ పెరుగుతది, వచ్చినోళ్లల్ల చాలామంది అడిగేది ఒక్కటే, నొసటి మీద గీతలు పోవాలె, పెండ్లేమో వచ్చే ఆదివారమే. గట్ల కాదక్కా. ఇయ్యాల బొటాక్స్ సూది పొడిపిచ్చుకుంటే రేపు పొద్దుగాల్లకు నొసలు సాఫ్ కాదు, మూడు నాలుగు రోజులకు మెల్లగ మొదలైతది, పూర్తి ఎఫెక్ట్ కనవడాలంటే రెండు వారాలు కావాలె, ఏదన్న ఒక దిక్కు తేడా కొడితే డాక్టర్ మళ్ల చూసి ఇంకో చుక్క వేసుడు కూడ ఆ రెండు వారాల తర్వాతనే. అందుకే ఫంక్షన్‌కు కనీసం నెల ముంగట పోవాలె. ఫస్ట్ టైమ్ అయితే ఇంకా ముందుగాల్ల పోయినా మంచిదే.

పోయే ముంగట ఇంట్లనే అద్దం దగ్గర ఒక పని చెయ్యిర్రి. మొఖం మామూలుగ పెట్టి నొసలు చూసుకోర్రి, తర్వాత కోపం వచ్చినట్టు కనుబొమ్మలు ముడవుర్రి, ఆశ్చర్యపోయినట్టు పైకి లేపుర్రి, గట్టిగ నవ్వి కండ్ల పక్కన చూడుర్రి. కదిలిస్తేనే కనవడే గీతలకు బొటాక్స్ మస్తు పని చేస్తది. మొఖం ఊకున్నప్పుడు కూడ లోతుగ కనవడే గీతలు తగ్గుతయి కానీ పూర్తిగ పోవు, దానికి ఇంకేమన్న కావాలెనా అన్నది డాక్టరే చెప్పాలె. బుగ్గలు జారినయి, ముక్కు పక్క నుంచి మూతి దాక గీత పడ్డది అంటే అది వేరే సంగతి, దానికి ఎక్కువగ వాడేది ఫిల్లర్, చర్మం కింద జెల్ నింపుతరు. చాలామంది రెండిట్నీ ఒకటే అనుకొని పోతరు, అందుకే చెప్తున్న.

బొటాక్స్ నింపేది కాదు, కండరాన్ని వదులు చేసేది. నరం నుంచి కండరానికి 'ముడుచుకో' అని కబురు మోసే అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఉంటది, ఈ మందు దాన్ని బయటికి రానియ్యదు, కండరం గుంజకపోతే పైన చర్మం కూడ మడత పడదు. మొదలు ఇది అందం కోసం వచ్చిన మందే కాదు, అమెరికాల 1989ల మెల్లకన్నుకు, కనురెప్పలు వాటంతట అవే గట్టిగ మూసుకపోయే జబ్బుకు పర్మిషన్ ఇచ్చిన్రు, బొమ్మల నడుమ గీతలకు ఇచ్చింది 2002ల. అంటే ఇది మందు. కంపెనీ లేబుల్ ప్రకారం బొమ్మల నడుమ ఐదు చోట్ల కలిపి 20 యూనిట్లు, కండ్ల పక్కన రెండు దిక్కుల కలిపి 24. మొఖాన్ని బట్టి డాక్టర్ తక్కువ ఎక్కువ చేస్తరు. ఒక బ్రాండ్ యూనిట్లు ఇంకో బ్రాండ్‌కు సమానం కావు, కాబట్టి 'మా చెల్లెకు గిన్ని వేసిన్రు' అని లెక్క కొట్టుకోవద్దు.

ఇప్పుడు అసలు సంగతి, ఎవరి చేత పొడిపిచ్చుకుంటున్నరు అనేది. నాకు దీని మీదనే ఎక్కువ చెప్పాలె అనిపిస్తది. ఫేషియల్ చేసే చోట, కోర్సు చేసి వచ్చినమని చెప్పేటోళ్ల దగ్గర, ఆఫర్ అని ఎవరింట్లనో కూసోని, దయచేసి చేపిచ్చుకోకుర్రి. ఎండీ డీవీఎల్ లాంటి చదువున్న స్కిన్ డాక్టరో, ప్లాస్టిక్ సర్జనో కావాలె, తెలంగాణ మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ నంబర్ అడుగుర్రి, అడిగితే మొఖం మాడ్చుకునేటోళ్ల దగ్గర మనకు పనే లేదు. సీసా మీ ముంగటనే చూపియ్యమనాలె. బొటాక్స్ సీసా కొత్తది చూస్తే లోపల ఏం లేనట్టే ఉంటది, అడుగున తెల్లగ పల్చటి పొర లెక్క అంటుకొని ఉంటది అంతే, దాంట్ల సెలైన్ కలిపితేనే మందు తయారైతది. ఫ్రిజ్‌ల దాచాల్సిన మందు, కలిపినంక ఎక్కువ సేపు ఉంచొద్దు. ముందే నింపిన సిరంజి పట్టుకొని వస్తే, దాంట్ల మందెంత నీళ్లెంత అన్నది మనకెట్ల తెలుస్తది? పేరు, బ్యాచ్ నంబర్, ఎక్స్‌పైరీ చూడుర్రి, ధర యూనిట్ లెక్కనా ఏరియా లెక్కనా ముందే మాట్లాడుకోర్రి.

డాక్టర్‌కు దాచొద్దు. కడుపుతో ఉన్నా, పాలిస్తున్నా ఇప్పుడొద్దు. మయస్థీనియా గ్రావిస్ లాంటి నరాల కండరాల జబ్బులుంటే వద్దు, పొడిచే చోట ఇన్‌ఫెక్షన్ ఉంటే తగ్గినంక పోవాలె. జెంటామైసిన్, అమికాసిన్ లాంటి యాంటీబయాటిక్ సూదులు తీసుకుంటున్నా చెప్పాలె. గుండెకని ఆస్పిరిన్ మింగేటోళ్లకు నీలం మచ్చ పడే ఛాన్స్ ఎక్కువ, కానీ మచ్చ పడ్తదని గోలి మీ అంతట మీరే ఆపకుర్రి, రాసిచ్చిన డాక్టర్‌ను అడగకుండ అసలే ఆపొద్దు.

సూది నాడు పెద్ద పనేం ఉండదు. మేకప్ తుడుస్తరు, ఫొటోలు తీస్తరు, బొమ్మలు ముడవమని చెప్పి పెన్సిల్‌తోని చుక్కలు పెడ్తరు, సన్న సూదితోని చీమ కుట్టినట్టు ఐతది, పది పదిహేను నిమిషాలల్ల అయిపోతది. పొడిచిన చోట చిన్న చిన్న బుడిపెలు లేస్తయి, కాసేపట్ల అవే తగ్గుతయి.

ఆ తర్వాతనే జర జాగ్రత్త. నాలుగు గంటల దాక పండుకోవద్దు, ఆ రోజంత రుద్దొద్దు. మనకు ఇక్కడ ఒక చిక్కుంది, బొమ్మల నడుమ సూది పడే చోటే మనం బొట్టు పెట్టుకునే చోటు, స్టిక్కర్ గట్టిగ ఒత్తుడు, కుంకుమ తుడిచి మళ్ల పెట్టుకునుడు అలవాటు మీద చేసేస్తం. ఆ పూట వదిలెయ్యుర్రి. తలకు నూనె మర్దన, ఫేషియల్, పెండ్లి నలుగు కూడ కొన్ని రోజులు ఆపుకోవాలె, థ్రెడింగ్ అయితే రెండ్రోజుల ముంగటనే చేపిచ్చుకొని పోవాలె. స్కూటీ మీద పోతే హెల్మెట్ నొసటి మీద ఒత్తుతది, హెల్మెట్ లేకుండ వచ్చుడు అంతకంటె ప్రమాదం, కాబట్టి ఆ రోజు ఆటోల పోయి ఆటోల రావాలె. భద్రకాళి బండ్ మీద మెల్లగ నడిస్తే ఏం కాదు, ఉరుకుడు, జిమ్ రేపటికి పెట్టుకోర్రి.

తల నొప్పి, నొసలు బరువు, చిన్న నీలం మచ్చ, ఇవి మామూలే. కొద్దిమందికి ఒక కనురెప్ప కిందికి వాలుతది, చూస్తే భయమైతది కానీ కొన్ని వారాలల్ల అదే లేస్తది, డాక్టర్ దగ్గరికి పోతే అవసరమైతే చుక్కల మందు రాస్తరు. మింగుడు కష్టమైనా, మాట ముద్దగ వచ్చినా, ఊపిరి ఆడకపోయినా మాత్రం క్లినిక్‌కు ఫోన్ చేసి కూసోవద్దు, ఎంజీఎం ఎమర్జెన్సీకో దగ్గర్ల ఉన్న పెద్ద దవాఖానకో ఉరకాలె. ఇది చాలా అరుదు, కానీ సూది పడ్డ కొన్ని గంటలకు రావచ్చు, కొన్ని వారాలకూ రావచ్చు.

ఎఫెక్ట్ మూడు నాలుగు నెలలుంటది. ఆపేస్తే ముడతలు ఇంకా ఎక్కువైతయని మనోళ్లు భయపెడ్తరు, అది నిజం కాదు, మళ్ల మునుపటి లెక్కనే ఐతది. రెండు వారాలకు డాక్టర్ చూసి వేసే చుక్క సంగతి వేరు, అది కాకుండ మూడు నెలలు నిండకముందే మళ్ల మళ్ల పొడిపిచ్చుకోకుర్రి, ఒంట్ల యాంటీబాడీలు తయారై మందు పని చెయ్యకుండ పోయే అవకాశముంటది. మన ఎండకు సన్‌స్క్రీన్ పూయకుండ బొటాక్స్ మీద పైసలు పెట్టుడు నాకైతే నచ్చదు, ఎస్‌పీఎఫ్ 30 పైనదే తీసుకోర్రి. మొదటిసారి డోస్ తక్కువ వెయ్యమని అడుగుర్రి, తక్కువైతే తర్వాత కలపొచ్చు, ఎక్కువైతే వెనక్కి తీసే మందు లేదు. ఏ చోట ఎన్ని యూనిట్లు వేసిన్రో, బ్రాండ్, బ్యాచ్ నంబర్ ఒక కాయితం మీద రాపిచ్చుకొని దాచుకోర్రి, వచ్చేసారి వేరే డాక్టర్ దగ్గరికి పోయినా అదే అక్కరకొస్తది.