ఆదివాసీ పోరాట సినిమా పిల్లలకు చూపించే పద్ధతి

హన్మకొండలోనో ఆసిఫాబాద్‌లోనో కాలేజీ పిల్లలకు ఆదివాసీ పోరాటం మీద తీసిన సినిమా చూపించి చర్చ పెడితే, మాటలన్నీ హీరో చుట్టే తిరుగుతాయి. పాట బాగుందంటారు, ఫైటు అదిరిందంటారు. కొట్లాట ఎందుకొచ్చిందని ఎవరూ అడగరు. ఆ ప్రశ్న సినిమాకు ముందే వాళ్ల చేతిలో పెట్టాలి.

దానికి 15 నిమిషాలు చాలు. బోర్డు మీద మూడు ముక్కలు రాయండి: అడవి జంగ్లాత్ (అటవీ) శాఖ చేతికి పోయింది, పోడు కొట్టిన భూమికి పట్టా లేదు, పశువులు మేపితే పన్ను. గోండు నాయకుడు కొమురం భీం నిజాం సర్కారుకు ఎదురు తిరిగింది వీటి మీదే. అడిగింది 12 గూడేల మీద హక్కు. 1940లో జోడేఘాట్ దగ్గర కాల్పుల్లో చనిపోయాడు. అంతకుమించి కథ విప్పొద్దు.

పిల్లల్ని నలుగురేసి విడగొట్టి ఒక్కో గుంపుకు ఒక్కటే పని ఇవ్వండి. భూమి, పన్ను మాట మొదట ఎన్నో నిమిషంలో వచ్చిందో ఒక గుంపు రాసుకోవాలి. గోండి, కోయ మాటలు ఎవరి నోట వచ్చాయో ఇంకో గుంపు. ఆడవాళ్లు ఏ నిర్ణయంలో ఉన్నారో మరో గుంపు. రెండు పనులిస్తే ఏదీ రాయరు.

అసలు పని సినిమా అయ్యాక. ఒక మూడు నిమిషాల సీను తీసుకోండి. కాల్పుల సీను వద్దు, గూడేనికి అధికారి వచ్చిన సీను మేలు. రెండోసారి సౌండు తీసేసి చూపించండి. ఎవరు నిలబడ్డారు, ఎవరు కింద కూర్చున్నారు, కెమెరా అధికారి భుజం వెనక ఉందా, గూడెం జనం మధ్య ఉందా? ఏడిపించేది సంగీతం కాబట్టి, అది లేనప్పుడే ఇవి కంటబడతాయి.

ఎక్కువగా బెడిసికొట్టేది కల్పన దగ్గర. 2022లో వచ్చిన ఆర్ఆర్ఆర్‌లో అల్లూరి, భీం స్నేహం ఊహే. అల్లూరి నడిపిన రంప తిరుగుబాటు 1922–24లో తెల్లదొరల మీద, భీం పోరు ఆ తర్వాత నిజాం మీద. రెండు గీతలు గీసి తేదీలు వేస్తే గందరగోళం పోతుంది. ఇంద్రవెల్లిలో గోండుల మీద జరిగిన పోలీసు కాల్పుల్ని కూడా భీం గీత మీదికి తేవాలి: 1981 ఏప్రిల్ 20, చనిపోయింది సర్కారు లెక్కకు 13 మంది, జనం చెప్పే లెక్క అంతకన్నా చాలా ఎక్కువ.

క్లాసులో గోండు, కోయ పిల్లలుంటే "మీవాళ్ల సంగతి నువ్వు చెప్పు" అని లేపొద్దు, బిడ్డ నలుగురిలో ముడుచుకుపోతాడు. గూడెం పెద్దమనిషిని ముందే అడిగి, దారి ఖర్చులిచ్చి పిలవండి. మొదట ఆయన, తర్వాత పిల్లలు, చివర సారు. సారు ముందు మాట్లాడితే పిల్లలు అవే మాటలు అప్పజెప్తారు.