లాక్‌డౌన్‌లో చెదిరిన నిద్ర దారికొచ్చిన తీరు

2020 మార్చిలో హాస్టళ్లు ఖాళీ అయ్యాక ఇంటికి చేరిన విద్యార్థులు చాలామందికి ముందు చెడింది నిద్రే. మంచం మీదే క్లాసు, అక్కడే ఫోను, అక్కడే కంచం. ఇక పడుకుంటే కన్ను మూతపడదు. తొందరగా పడుకోవాలని చూడటం వల్ల లాభం లేదు. పట్టుకోవాల్సింది లేచే వేళని. ఎప్పుడు పడుకున్నా సరే, 7కి లేచి డాబా మీద అరగంట వెలుతురులో తిరగాలి. క్లాసు కిటికీ పక్కన స్టూలు మీదే. మధ్యాహ్నం 2 దాటాక టీ మానాలి. ఇరవై నిమిషాలైనా నిద్ర రాకపోతే మంచం దిగి, మసక వెలుతురులో కూర్చోవాలి. మొదటి 3, 4 రోజులు తల దిమ్ముగా ఉంటుంది, చాలామంది అక్కడే వదిలేస్తారు. దయచేసి ఇంకో వారం ఓపిక పట్టండి. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం ఒక్క రోజు కూడా ఆగొద్దు: ఇంట్లో ఒకరికి చెప్పి, 2022లో మొదలైన ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్‌ 14416కి ఫోన్ చేయండి. తెలుగులోనే మాట్లాడొచ్చు.