వానాకాలం, చిన్న కుక్కల చెవులు, గొంతు: ఫ్రిజ్‌లో దాచిన పాత సీసా బయటికి తీయకండి

పోయిన వారం మా దగ్గరికి ఎప్పుడూ వచ్చే ఒక షీట్జూని చంకలో వేసుకుని తీసుకొచ్చారు. తల ఎడమ పక్కకు వాలిపోయి ఉంది. కింద దింపితే అటే గుండ్రంగా తిరుగుతోంది. వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడలేదు. "చెవి వాసనొస్తోంది, ఒకసారి స్నానం చేయించండి, మందు వేస్తూనే ఉన్నాం" అన్నారు ఇంటావిడ. ఏం మందమ్మా అంటే, పోయిన వానాకాలంలో డాక్టరు రాసిన చుక్కల మందట. సగం మిగిలితే ఫ్రిజ్‌లో పెట్టారు, మళ్లీ చెవి గోక్కుంటుంటే అదే వేశారు. స్నానం మాట పక్కనపెట్టి వెంటనే ఆసుపత్రికి పంపాను. కర్ణభేరి చిరిగి, ఇన్ఫెక్షన్ లోపలి దాకా దిగిందని తేలింది. ఆ చెవికి వినికిడి తిరిగి వస్తుందని డాక్టరు మాట ఇవ్వలేదు.

విజయవాడలో కుక్కలకు స్నానం, కటింగ్ చేసే పని నాది. జూన్‌లో వానలు మొదలైన దగ్గర్నుంచి నవంబరు దాటేదాకా మా బల్ల మీదికి వచ్చే చిన్న కుక్కల్లో వాసన కొట్టే చెవులే ఎక్కువ. షీట్జూ, లాసా, కాకర్, పొమేరియన్, పగ్, ఏదైనా సరే. స్నానం తర్వాత చెవులు తుడవాలి, వానలో తిప్పకూడదు లాంటివి మీకు తెలిసినవే, వాటి జోలికి పోను. చెవులు పాడైపోయిన కుక్కల ఇళ్లలో మళ్లీ మళ్లీ నేను చూసిన తప్పు ఒకటే. పాత సీసా. డాక్టరు చెవిలోకి చూడకుండా పాత సీసాలోని మందు వేయడం.

చెవి

కుక్క చెవి గొట్టం మన చెవిలా తిన్నగా ఉండదు. ముందు కిందికి దిగి, తర్వాత లోపలికి మలుపు తిరుగుతుంది, ఇంగ్లీషు ఎల్ అక్షరంలా. నీళ్లు, గుబిలి, చీము ఆ మలుపు దగ్గర నిలిచిపోతాయి. మీరు చెవి రెక్క ఎత్తి చూస్తే కనిపించేది పైభాగం మాత్రమే. మలుపు అవతల ఏముందో, కర్ణభేరి బాగుందో చిరిగిందో, డాక్టరు ఆటోస్కోప్ (చెవి లోపల చూసే దీపం పరికరం) పెట్టి చూస్తే గానీ తెలియదు.

వాసన ఒకేలా అనిపించినా లోపలి జబ్బు ప్రతిసారీ ఒకటే కాదు. గోధుమ రంగు జిడ్డు, పులిసిన వాసన ఉంటే చాలావరకు ఈస్ట్, అంటే ఒక రకం బూజు. పసుపుపచ్చ చీముంటే బాక్టీరియా. ఆకుపచ్చ ఛాయ చీము, ముక్కు మూసుకునేంత కంపు, చెయ్యి పెట్టనివ్వనంత నొప్పి ఉంటే సూడోమోనాస్ అనే మొండి బాక్టీరియా కావచ్చు, అది మామూలు మందులకు లొంగదు. కాఫీ పొడిలా నల్లగా రాలుతుంటే చెవి పురుగులు. ఈ కాలంలో చెవి లోపల పిడుదు పట్టుకుని కూర్చుని ఉండటం కూడా నేను చాలా చూశాను. పోయిన ఏడాది ఈస్ట్‌కు రాసిన మందు ఈ ఏడాది సూడోమోనాస్‌కు ఏం పనిచేస్తుంది? డాక్టరు చెవిలో దూదిపుల్ల తిప్పి, ఆ మురికిని గాజు పలక మీద రాసి మైక్రోస్కోప్ కింద చూస్తే నిమిషాల్లో తేలిపోతుంది. ఖర్చు కూడా పెద్దగా ఉండదు. అది చేయకుండా మందు రాస్తుంటే మీరే అడగండి. రెండు చెవులకూ వేర్వేరుగా చూడమనండి, కుడి చెవిలో ఒకటి, ఎడమ చెవిలో ఇంకొకటి ఉండొచ్చు.

ఇంకా పెద్ద ప్రమాదం కర్ణభేరి. చెవి మందుల్లో చాలావాటిలో జెంటామైసిన్, నియోమైసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఉంటాయి. కర్ణభేరి బాగున్న చెవిలో అవి మందే. చిరిగిన చెవిలో వేస్తే లోపలి చెవికి చేరి వినికిడిని, శరీరం బ్యాలెన్స్‌ను దెబ్బతీయొచ్చు. పోయిన ఏడాది డాక్టరు చూసినప్పుడు కర్ణభేరి బాగానే ఉండి ఉంటుంది, అందుకే ఆ మందు రాశారు. ఇప్పుడు ఎలా ఉందో మీకెలా తెలుసు? అందుకే అంటున్నాను, పాత సీసా వద్దు.

అసలు ఆ సీసా మిగలడానికి కారణం ఇంకో తప్పు. కుక్కల చెవి మందుల్లో చాలావాటిలో స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. వేసిన రెండు మూడు రోజులకే ఎరుపు, దురద తగ్గిపోతాయి. తగ్గింది కదా అని ఆపేస్తారు. తగ్గింది వాపు, లోపలి క్రిములు అక్కడే ఉన్నాయి. వాటిలో మొండివి మిగిలి మళ్లీ పెరుగుతాయి, ఈసారి అదే మందుకు చావవు. ఇలా నాలుగు వానాకాలాలు గడిస్తే చెవి గొట్టం లోపలి చర్మం మందమెక్కి, గట్టిపడి, దారి మూసుకుపోతుంది. ఆ దశలో చుక్కలు లోపలికే వెళ్లవు. ఆపరేషన్ చేసి చెవి గొట్టం మొత్తం తీసేయడం తప్ప దారి ఉండదు. డాక్టరు మళ్లీ చెవిలోకి చూసి "ఇక చాలు" అనేదాకా మందు ఆపకండి. ఆ తర్వాత సీసాలో ఎంత మిగిలినా పారేయండి. ఒకసారి తెరిచి చెవికి ఆనించిన సీసా ఫ్రిజ్‌లో పెట్టినా శుభ్రంగా ఉండదు.

మందు వేసే పద్ధతి కూడా చాలామందికి ఎవరూ చూపించరు. సీసాను కాసేపు గుప్పిట్లో పట్టుకుని చల్లదనం పోనివ్వండి. చల్లటి చుక్క పడితే కుక్క భయపడి మర్నాడు సీసా చూడగానే మంచం కిందికి దూరుతుంది. చెవి రెక్కను పైకి, కాస్త వెనక్కి లాగి పట్టుకుని, మూతి చెవికి తగలకుండా చుక్కలు వేయండి. రెక్క వదలకుండానే చెవి మొదట్లో, దవడ పైన, బొటనవేలు చూపుడువేలు పెట్టి మెల్లగా నలపండి. లోపల పచక్ పచక్ మని చప్పుడు వినపడాలి. వినపడిందంటే మందు మలుపు దాకా దిగింది. అర నిమిషం నలిపి వదిలితే తల విదిలిస్తుంది, విదిలించనివ్వండి. బయటికి వచ్చిన మురికిని దూదితో అద్దండి.

ఇయర్ బడ్స్ పెట్టొద్దు, మురికిని మలుపులోకి తోస్తాయి. కొబ్బరి నూనె, వెల్లుల్లి కాచిన నూనె పోయొద్దు. ఈస్ట్‌కు జిడ్డంటేనే బలం, పైగా నూనె నిండిన చెవిలో డాక్టరుకు ఏమీ కనపడదు. వెల్లుల్లి కుక్క ఒంటికి విషం, కారిన నూనెను అది నాకకుండా ఉండదు. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేముందు చెవి కడగొద్దు, పరీక్షకు కావలసిన మురికి అదే.

ఏటా తిరిగి వస్తోందంటే చెవి ఒక్కటే జబ్బు కాదు. పాదాలు నాకుతోందా, పొట్ట కింద ఎర్రబడుతోందా, ముఖం సోఫాకు రుద్దుతోందా చూడండి. ఇవి ఉంటే మూలం అలర్జీ అయ్యే అవకాశం ఎక్కువ. ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగులు తేమలో బాగా పెరుగుతాయి, వానాకాలంలో చెవులు తిరగబెట్టడానికి అదీ ఒక కారణం. తిండి అలర్జీ అనుమానముంటే డాక్టరు చెప్పిన ఒక్క ఆహారమే 8 వారాలు పెట్టి చూడాలి. ఆ 8 వారాల్లో అమ్మమ్మ పెట్టే పెరుగన్నం, పిల్లలు వేసే బిస్కెట్టు ముక్క, ఏదీ నోట్లో పడకూడదు. ఒక్క ముక్క పడినా పరీక్ష పాడైనట్టే. నడివయసు దాటిన కుక్కకు థైరాయిడ్ కూడా చూడమనండి.

గొంతు

చిన్న కుక్క దగ్గగానే "గొంతు ఇన్ఫెక్షన్" అనేస్తారు. డ్రాయర్లో మిగిలిన యాంటీబయాటిక్ మాత్ర సగం విరిచి వేస్తారు. ఇదీ ఆ పాత సీసా లాంటిదే, ఈసారి స్ట్రిప్‌లో ఉంది.

దగ్గు చాలా రకాలు. పొమేరియన్ లాంటి చిన్న జాతుల్లో శ్వాసనాళం మెత్తబడి చప్పిడిగా అణిగిపోతుంది, ఉత్సాహంతో గెంతినప్పుడు, కాలర్ లాగినప్పుడు బాతు అరిచినట్టు దగ్గుతాయి. దానికి యాంటీబయాటిక్‌తో పని లేదు. వయసు మళ్లిన చిన్న కుక్క రాత్రుళ్లు దగ్గుతుంటే గుండె కవాటం చూపించాలి. నిద్రలో ఉన్నప్పుడు నిమిషానికి ఎన్నిసార్లు ఊపిరి తీస్తోందో లెక్కపెట్టండి, 30 దాటుతుంటే ఆ రోజే తీసుకెళ్లండి. దసరా సెలవులకు బోర్డింగ్‌లో వదిలి వచ్చాక దగ్గు మొదలైతే కెన్నెల్ కాఫ్ అయ్యుండొచ్చు, ఇంకో కుక్కకు ఇట్టే అంటుకుంటుంది, మా పార్లర్‌కు కూడా తేవద్దు. ఒక్కసారిగా మెడ చాచి, ముక్కుతో గుర్రుమని గాలి లోపలికి పీల్చి, నిమిషంలో మామూలైపోతే అది చాలావరకు వెనక్కి తుమ్మడం, దానికి కంగారు పడక్కర్లేదు. ఏది ఏదో తేడా తెలియడానికి ఫోన్లో వీడియో తీయండి. డాక్టరు ముందు ఏ కుక్కా దగ్గదు.

నిజంగానే టాన్సిల్స్ వాచి, మింగలేక, గొంతు మళ్లీ మళ్లీ పాడవుతుంటే నోరు తెరిచి పళ్లు చూడండి. పై దవడ వెనక పళ్ల మీద గోధుమ రంగు గార కట్టి, చిగురు ఎర్రగా ఉంటే ఆ క్రిములు రోజూ గొంతులోకే వెళ్తున్నాయి. పళ్లు శుభ్రం చేయించకుండా గొంతుకు ఎన్ని మందులు వాడినా మళ్లీ వస్తుంది. తరచూ వాంతి చేసుకునే కుక్కకు కూడా గొంతు ఇలాగే పుండవుతుంది.

ఇక మిగిలినవి.

కాలర్ తీసేయండి, ఛాతీకి వేసే హార్నెస్ వాడండి.

మనుషుల దగ్గు సిరప్ వద్దు. కొన్నింటిలో పారాసిటమాల్, కొన్నింటిలో జైలిటాల్ అనే తీపి ఉంటాయి. మూడు కిలోల కుక్కకు ఒక చెంచా చాలు ప్రాణం మీదికి రావడానికి.

నొప్పిగా ఉంది కదా అని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వేయొద్దు. కడుపులో రక్తం కారుతుంది, కిడ్నీలు పోతాయి.

స్పిరిట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ చెవిలో పోయొద్దు.

చెవిలో వెంట్రుకలు పీకమని మమ్మల్ని అడగొద్దు. ఆరోగ్యంగా ఉన్న చెవిలో పీకితే చర్మం రేగి అక్కడే ఇన్ఫెక్షన్ మొదలవుతుంది. దారి మూసుకుపోయేంత ఉంటే పీకాలో వద్దో డాక్టరు చెప్పాలి.

తల విదిలించీ విదిలించీ చెవి రెక్క రక్తంతో ఉబ్బితే సూది గుచ్చొద్దు, పిండొద్దు. డాక్టరు దగ్గరికి.

తల ఒక పక్కకు వాలినా, నడక తూలినా, ఒక పక్క పెదవి జారినా అదే రోజు. రేపు కాదు.

రెండుసార్లు మందు వాడినా తగ్గకపోతే మూడో మందు అడగొద్దు, ఏ క్రిమి ఉందో, అది ఏ మందుకు చస్తుందో చెప్పే కల్చర్ పరీక్ష అడగండి. గన్నవరం, తిరుపతి, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లలో పశువైద్య కళాశాలలు ఉన్నాయి, తగ్గని కేసును అక్కడికి తీసుకెళ్లండి.

పక్కింటివాళ్ల కుక్కకు పనిచేసిన మందు అడిగి తెచ్చుకోవద్దు. వాళ్లది కూడా పాత సీసానే.

మెడికల్ షాపులో పాత సీసా చూపించి "ఇదే ఇవ్వండి" అనొద్దు. సీసా కొత్తదైనా మీరు చేసేది అదే తప్పు.

గొంతులో ఎముక ఇరుక్కున్నట్టు నోరు తెరుచుకుని, చొంగ కారుస్తూ, గొంతు మారి అరుస్తుంటే నోట్లో చెయ్యి పెట్టొద్దు. నిజంగానే చేప ముల్లో కోడి ఎముకో కావచ్చు. రేబిస్ కూడా ఇలాగే కనిపించవచ్చు. టీకా తప్పిన కుక్క అయితే, వీధి కుక్క కరిచిన కుక్క అయితే ఇంకా జాగ్రత్త. పిల్లల్ని దూరంగా ఉంచి, కుక్కను గదిలో పెట్టి తలుపేసి, డాక్టరుకు ఫోన్ చేయండి. అప్పటికే చొంగ చేతికి తగిలితే సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి, నేరుగా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి టీకా వేయించుకోండి.

ఈ సాయంత్రమే ఫ్రిజ్ తలుపు, మందుల డబ్బా తెరవండి. కుక్క పేరు మీద దాచిన సీసాలు, సగం వాడిన స్ట్రిప్పులు ఎన్ని ఉంటే అన్నీ బయటికి తీయండి. ఇప్పుడు డాక్టరు వాడమన్నవి మాత్రం ఉంచి, మిగతావి పారేయండి.