ఎండాకాలంలో సైకిల్ పందేనికి సిద్ధం కావడం

వరంగల్ పరిసరాల్లో మే నెల ఎండ 42 డిగ్రీలు దాటడం మామూలే కనుక, సాధన తెల్లవారుజామున 5 గంటలకు మొదలై 8 లోపు ముగియాలి. శరీరం వేడికి అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది కాబట్టి, మొదటి రెండు వారాలు మాట్లాడుతూ తొక్కగలిగినంత వేగమే చాలు. ఆ తరువాతే వారానికి రెండు రోజులు, 4 నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు గట్టిగా తొక్కి, మధ్యలో మూడేసి నిమిషాలు నెమ్మదించాలి. ఉత్సాహం కొద్దీ రోజూ ఇదే చేసి, ఒక ఏడాది జూన్ నాటికే నేను చతికిలబడ్డాను.

ఆదివారం దూరం తొక్కడానికి హనుమకొండ నుంచి ములుగు మీదుగా పాలంపేట రామప్ప గుడికి వెళ్లే దారి మంచిది. అయితే యాసంగి కోతలప్పుడు రోడ్డు సగం మేర వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చుతారు. మసక వెలుతురులో ఆ రాళ్లు కనబడవు, గింజల మీద సన్నని టైరు ఇట్టే జారుతుంది. అక్కడికి చేరకముందే వేగం తగ్గించాలి తప్ప, వడ్ల మీదికి వచ్చాక బ్రేకు పట్టకూడదు. సైకిలుకు లైటు తప్పనిసరి.

బయలుదేరే ముందు, వచ్చాక బరువు చూసుకుంటే, తగ్గిన ప్రతి కిలోకూ సుమారు లీటరు నీరు పోయినట్టు లెక్క. ఇంటికి రాగానే ఉప్పు వేసిన మజ్జిగ, జొన్న అంబలి తాగితే చాలు. ఖరీదైన పొడులు నా దృష్టిలో దండుగ. దారిలో తల తిరిగినా, ఒళ్లు జలదరించినా, వెంటనే దిగి నీడకు చేరి, తల మీద నీళ్లు పోసుకోవాలి.