సరైన మాట – 6వ పాఠం: పట్టిందా, పెట్టుకున్నామా?

పోయిన పాఠంలో భయం తాలూకు మాటలు చూశాం. జంకుకీ దడకీ తేడా గుర్తుందిగా. ఈసారి ఒకే దాన్ని పట్టుకుని వేలాడే మనిషి సంగతి. ఇక్కడ చాలామంది 'పిచ్చి' అన్న ఒక్క మాటతో సరిపెట్టేస్తారు. క్రికెట్ పిచ్చి, చీరల పిచ్చి, రీల్స్ పిచ్చి. తప్పేం లేదు కానీ, అన్ని కూరల్లోనూ ఒకటే మసాలా వేసినట్టుంటుంది.

మా బాబాయి పాత రేడియోలు బాగుచేసేవాడు. ఆఫీసు నుంచి వచ్చి చొక్కా అయినా విప్పకుండా బల్ల ముందు కూర్చునేవాడు. సోల్డరింగ్ ఐరన్ వేడెక్కుతుండేది, పక్కన పిన్ని పెట్టిన కాఫీ మీద మీగడ కట్టేది. "ఈ రేడియోల పిచ్చితో వేగలేకపోతున్నా" అని పిన్ని. "వాడికి ఇంటి ధ్యాసే లేదు" అని నానమ్మ. "పనిలో కూర్చుంటే మీవాడికి లోకం తెలీదండీ" అని ఆయన స్నేహితుడు, కాస్త గర్వంగా. ముగ్గురూ చూసింది ఆ కాఫీ గ్లాసునే.

ఇలాంటి మాట ఎంచుకునేటప్పుడు ముందు దాని పక్కనుండే క్రియ చూడండి. పిచ్చి పడుతుంది, ఎక్కుతుంది, ముదురుతుంది. అన్నీ పిచ్చి చేసే పనులే, మనిషి చేసేది ఏమీ లేదు. ధ్యాస అలా కాదు. ధ్యాస మనం పెడతాం, మళ్లిస్తాం. ధ్యానం, ధ్యాస ఒక ఇంటి మాటలే కాబట్టి అందులో కాస్త గౌరవం కూడా ఉంది. పిల్లాడితో "చదువు మీద ధ్యాస పెట్టు" అంటాం, "చదువు పిచ్చి పెట్టుకో" అనం.

యావ దగ్గర జాగ్రత్త. డబ్బు యావ, తిండి యావ అన్నామంటే ఎత్తిపొడిచినట్టే. చిత్రంగా, 'లేదు' చేరగానే ఆ ముల్లు విరిగిపోతుంది. "వాడికి ఇంటి యావ లేదు" అంటే ఇల్లు పట్టదని మాత్రమే. మోజు తేలిక, పడతాం, తీరిపోతుంది. కొత్త ఫోన్ మీద మోజు ఉంటుంది, ఇరవయ్యేళ్ల సంగీత సాధన మీద మోజు అంటే ఆ సాధకుణ్ణి అవమానించినట్టే.

వ్యసనం బరువైన మాట. సంస్కృతంలో దీనికి ఆపద అన్న అర్థం కూడా ఉంది, తెలుగులో 'వ్యసనపడటం' అంటే దుఃఖపడటం. పెద్దలు చెప్పిన సప్తవ్యసనాల్లో జూదం, తాగుడుతో పాటు వేట, పరుషంగా మాట్లాడటం కూడా ఉన్నాయి. ఆ నాలుగోది ఇప్పుడు ఎవరూ లెక్కలోకి తీసుకోవడం లేదనుకోండి. వ్యసనానికి మనిషి 'బానిస' అవుతాడు. అంత మాట అనాల్సిన చోటే దాన్ని వాడండి, పొద్దున్నే టీ తాగే అలవాటుకి వద్దు.

తలమునకలు, లీనం, రెండూ మునగడమే కదా అనిపిస్తుంది. పెళ్లి పనుల్లో తలమునకలై ఉన్నవాణ్ణి ఎవరైనా వచ్చి పక్కకి లాగితే హమ్మయ్య అనుకుంటాడు. పాటలో లీనమైనవాణ్ణి లాగితే కసురుకుంటాడు. తెలంగాణలో వాడే 'రంది' ఇంకో రకం. అందులో ఇష్టం ఉండదు, దిగులుంటుంది. "ఏం రంది పెట్టుకున్నవ్?" అని అడిగేది లోపల్లోపల కుమిలిపోతున్న మనిషినే.

ఇక, పిచ్చి, యావ లాంటి పేరు అసలు వాడకుండా చెప్పడం. నాకు ఎక్కువ ఇష్టమైన పద్ధతి ఇదే. పాటంటే చెవి కోసుకుంటాడు, ఆవకాయంటే పడిచస్తాడు అన్నాక 'విపరీతమైన ఆసక్తి' ఎందుకు? 'ఒకటే' చూడండి. ఒకటే నస, ఒకటే ఫోన్లు. 'అదే పనిగా' ఇంకా గొప్పది. "గడియారం వైపు అదే పనిగా చూస్తోంది" అన్నప్పుడు, చూడటం తప్ప ఆమెకి ఇంకో పని లేదని ఆ మాటలే చెప్పేశాయి.

పోతన ప్రహ్లాదుణ్ణి చూపించిన తీరు కూడా గమనించండి. నీళ్లు తాగుతూ, తింటూ, మాట్లాడుతూ, నవ్వుతూ, నిద్రపోతూ, తిరుగుతూ అని రోజువారీ పనులన్నీ వరసగా పేర్చి, వాటి మధ్య హరిచింతనలో ఉండి ఆ పిల్లవాడు ఈ విశ్వాన్ని 'మఱచెన్' అంటాడు. మనమైతే వెంటనే 'తిండీ తిప్పలూ మాని' అని రాసేస్తాం. ప్రహ్లాదుడు ఏదీ మానలేదు. అన్నీ చేస్తూనే ఉన్నాడు, మనసు మాత్రం అక్కడ లేదు. మా బాబాయి కూడా పిన్ని అడిగిన ప్రతిదానికీ 'ఊఁ' కొట్టేవాడు. ఏం అడిగిందో చెప్పమంటే చెప్పలేకపోయేవాడు.

అభ్యాసం. ఈ మూడు వాక్యాల్లో 'పిచ్చి' తీసేసి మళ్లీ రాయండి.

మా అత్తయ్యకి మొక్కల పిచ్చి.
పరీక్ష రాసిన దగ్గర్నుంచి వాడికి రిజల్ట్ పిచ్చి పట్టుకుంది.
పక్కింటాయనకి స్థలాలు కొనే పిచ్చి.

రెండోదానికి ఒక చిన్న సాయం: వాడు రోజుకి ఎన్నిసార్లు ఫోన్ తీసి చూస్తున్నాడో రాయండి, పేరు అవసరం లేకపోవచ్చు. మూడోదానికి నా జవాబు యావ. మీరు వ్యసనం అని రాస్తే ఆయన అప్పుల్లో ఉన్నాడని నేను అనుకుంటాను, వాక్యంలో ఆ సంగతి కూడా రావాలి మరి. వచ్చే పాఠంలో విసుగు.