జియోకాష్ గురించి శాఖకు రాసేటప్పుడు: చిక్కంతా అక్షాంశం దగ్గరే (నా అనుభవం)

జియోకాష్ అంటే జీపీఎస్ సాయంతో ఇతరులు వెతికి కనుక్కునేలా దాచే డబ్బా; ఆ ఆటే జియోకాషింగ్. ప్రభుత్వ భూమిలో దాన్ని ఎక్కడ పెట్టామో ఆ భూమిని చూసే శాఖకు చెప్పినా సిబ్బంది డబ్బాను అనుమానించి తీసేస్తుంటే, ముందు మీరు పంపిన అక్షాంశ రేఖాంశాల అంకెలు చూడండి. జియోకాషింగ్‌లో డిగ్రీలు, దశాంశ నిమిషాలు వాడతాం. శాఖల మ్యాపులు దశాంశ డిగ్రీల్లో ఉండొచ్చు. ఉత్తర అక్షాంశం 45° 30.500′ను 45.30500 అని ఎక్కిస్తే చుక్క 22 కిలోమీటర్లకు పైగా దక్షిణానికి పోతుంది! నిమిషాలను 60తో భాగించి 45.50833 అని కూడా రాసి, పక్కన డబ్ల్యూజీఎస్ 84 (జీపీఎస్ వాడే అక్షాంశ రేఖాంశాల ప్రమాణం) అని చేర్చడంతో నాకు ఆ గందరగోళం తీరింది.

డబ్బా కొలతలు, ఫొటో, తీసేయమని చెప్పడానికి ఫోన్ నంబరు ఇవ్వండి. తవ్వలేదని స్పష్టంగా రాయండి; స్థల యజమాని స్పష్టమైన అనుమతి లేకుండా తవ్వి పాతిపెట్టడం ఆట నియమాలకే విరుద్ధం. డబ్బాపై ‘జియోకాష్’ అని పెద్దగా రాసి ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, డబ్బా దాచకముందే మీరు రాసిన లేఖ శాఖకు వెళ్లాలి. అమెరికా నేషనల్ పార్కుల్లో అనుమతి లేకుండా డబ్బా పెట్టనే కూడదు.