ఎయిర్ రైఫిల్‌కు ఏ సైజు పెల్లెట్ పడుతుందో తేల్చుకోవడం

10 మీటర్ల ఎయిర్ రైఫిల్ టార్గెట్‌లో పది పాయింట్లిచ్చే నడిమి చుక్క వ్యాసం 0.5 మి.మీ. మాత్రమే. పెల్లెట్ (రైఫిల్‌లో వేసే చిన్న సీసపు గుండు) కేంద్రం టార్గెట్ కేంద్రానికి 2.5 మి.మీ. దాటి పడితే పది పోయినట్టే. అందుకే పెల్లెట్ల టిన్ మీద హెడ్ సైజు, అంటే పెల్లెట్ ముందు భాగం వ్యాసం ఎన్ని మి.మీ.లో చూడండి: 4.49, 4.50, 4.51. అన్నీ 4.5 కాలిబరే అయినా ప్రతి బ్యారెల్‌కీ ఒకటి బాగా కుదురుతుంది. మీ పక్క షూటర్‌ది అదే మోడల్ రైఫిలైనా, ఆ సైజే మీకు పడుతుందని లేదు.

బెంచి వైస్ దవడలకు రబ్బరు ముక్కలు పెట్టి రైఫిల్ బిగించండి. బ్యారెల్‌ను మాత్రం నొక్కకూడదు. సైజు మార్చినప్పుడల్లా మొదట ఓ పది పెల్లెట్లు లెక్కలోకి తీసుకోకుండా కాల్చేయండి, బ్యారెల్ లోపలి సీసం పూత కొత్త పెల్లెట్‌కు అలవాటు పడాలి. తర్వాత వైస్ కదపకుండా ఒకే కాగితం మీద పది. రంధ్రాల గుంపును బయటి అంచు నుంచి బయటి అంచుకు కాలిపర్‌తో కొలిచి, పెల్లెట్ వ్యాసం 4.5 మి.మీ. తీసేయండి. మిగిలిన అంకె ఎంత చిన్నదైతే ఆ సైజు అంత బాగా కుదిరినట్టు. ఒక్కో సైజుకు కనీసం మూడు కాగితాలు కావాలి. ఒక్కదాన్నే నమ్మితే మోసపోతారు. రెండు సైజుల మధ్య తేడా తేలకపోతే, ఎప్పుడూ దొరికేదే కొనండి.

సైజు కుదిరినా స్కర్ట్ వంగితే లాభం లేదు. వెనకున్న ఆ పల్చటి అంచు గాలి ఒత్తిడికి విచ్చుకుని బ్యారెల్‌ను మూసేస్తుంది. ఒకవైపు నొక్కుకుంటే గాలి అటునుంచి జారి పెల్లెట్ పక్కకు తోసుకుపోతుంది. కొరియర్‌లో తెప్పించుకున్న టిన్ తెరవగానే పెల్లెట్లను అద్దం పలక మీద ఒక్కొక్కటిగా దొర్లించండి. మంచివన్నీ ఒకే వంపులో తిరుగుతాయి. తడబడేది, వేరే వంపు పట్టేది ప్రాక్టీసు డబ్బాలోకి. సరిచేయాలని గోటితో నొక్కకండి.

మన కళింగపట్నం, భోగాపురం తీరాల్లో ఉప్పుగాలికి, తేమకి సీసం మీద తెల్లటి బూజులాంటి పొడి పేరుకుంటుంది. చెక్క బీరువాలో దాచకండి, చెక్కనుంచి వచ్చే ఆమ్లపు ఆవిరి సీసాన్ని తినేస్తుంది. మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి, పెల్లెట్లు టిన్‌తో సహా అందులో పెట్టండి. తెల్లపొడి పట్టినవి రైఫిల్‌లో వేయొద్దు, ఉత్త చేత్తో తుడవొద్దు. పెల్లెట్లు ముట్టుకున్నాక సబ్బుతో చేతులు కడిగే అన్నం ముట్టాలి. పిల్లలుంటే డబ్బాకు తాళం వేయండి.